హుదాక్‌గారి పదకొండు పేర్లు

మా అటవీ పరిశోధన కేంద్రాన్ని రాజధాని బ్రాతిస్లావాలోని పెద్ద సంస్థలో కలిపేస్తున్నారని సెప్టెంబరు మొదటి సోమవారం ఉత్తరం వచ్చింది. డైరెక్టరు రదోవాన్ దాన్ని వంటగదిలో, కాఫీ మరుగుతున్న పొయ్యి పక్కన నిలబడే చదివి వినిపించాడు. ఉన్నది మొత్తం పద్నాలుగుమందిమి. ఉద్యోగాలు ఉంటాయా, ఊరు మారాల్సి వస్తుందా, గదులు ఎవరికి పోతాయి అని తలా ఒకటి అడిగాం. జెల్మీరా మాత్రం అందరూ అడిగేదాకా ఆగి ఒకే ప్రశ్న వేసింది.

"పాత ఈమెయిల్ అడ్రసులు ఎప్పటిదాకా పనిచేస్తాయట?"

డైరెక్టరు కాగితం తిరగేశాడు. "ఈ నెలాఖరు దాకా. ముప్పయ్యో తారీఖున మన సర్వర్ ఆపేస్తారు. అందరికీ కొత్త అడ్రసులిస్తారు. ఇంకేం ఇంజనీరుగారూ, మీకు పని తగ్గిపోయిందిగా!"

"పని తగ్గలేదండీ, మూడు వారాలకు కుదించారు," అని ఆమె కప్పు కడిగి బోర్లించి తన గదికి వెళ్ళిపోయింది.

జెల్మీరాకు అప్పుడు అరవై ఒకటి. మా దగ్గర ఇరవై నాలుగేళ్ళుగా మెయిల్ సర్వర్ ఆమె చేతిలోనే ఉంది. ఆ యంత్రం ఉన్న గది బాయిలరు పక్కన, కిటికీ లేనిది. నా గది దాన్ని ఆనుకునే ఉంటుంది. నేను పుట్టగొడుగుల్ని ఆరబెట్టి, చీటీలు అంటించి, పెట్టెల్లో సర్దే ఉద్యోగిని. పేరు బ్లాజెయ్. నా గదిలో ఎప్పుడూ ఎండిన గొడుగుల వాసన ఉంటుంది కాబట్టి ఎవరూ వచ్చి కూర్చోరు. జెల్మీరాకు మాత్రం ఆ వాసన ఇష్టం. రోజూ పదకొండింటికి టీ తీసుకుని వచ్చేది. సర్వర్ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ టీ వేళల్లో తెలిసినవే.

ఆమె లెక్కలో అది ఒక తపాలా ఆఫీసు. కవరు మీద ఏముందో చూడాలి, లోపల ఏముందో చూడకూడదు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క ఉత్తరం తెరవలేదు. ఇదివరకటి డైరెక్టరు ఒకసారి ఎవరో ఉద్యోగి ఉత్తరాలు చూసి చెప్పమని అడిగాడట. "కోర్టు కాగితం తెచ్చివ్వండి, చూస్తాను. లేదంటే నా రాజీనామా మీరే టైపు చేసివ్వండి, సంతకం పెడతాను," అందట. ఆయన రెండూ తేలేదు. ఈ సంగతి ఆమె చెప్పలేదు. ఆ డైరెక్టరే పదవీ విరమణ రోజున గ్లాసు పైకెత్తి అందరి ముందూ చెప్పాడు.

ఆ సోమవారం మధ్యాహ్నం జెల్మీరా రెండు జాబితాలు అచ్చుతీసి నా బల్ల మీద పరిచింది.

"ఇది చూడు. పోయిన ఏడాది ఎవరి పేరుకు ఎన్ని ఉత్తరాలొచ్చాయో."

అన్నిటికన్నా పైన ఉన్న పేరు మా పద్నాలుగుమందిలో ఎవరిదీ కాదు. వెండెలీన్ హుదాక్. పుట్టగొడుగుల శాస్త్రవేత్త. రిటైరై పదమూడేళ్ళయింది.

"ఈయనకు ఇంకా ఇన్ని ఎవరు రాస్తున్నారు?"

"కవర్ల మీద పంపినవాళ్ళ ఊళ్ళు చూడు. ఆసుపత్రులు. తూర్పున, ఉత్తరాన, కొండల్లో ఉన్న చిన్న చిన్న ఆసుపత్రులు. ఆగస్టు నుంచి నవంబరు దాకా వరసగా."

నాకు అర్థమైంది. మా దేశంలో వాన పడ్డ మర్నాడు ఆదివారమైతే ఇంట్లో ముసలమ్మ నుంచి మంత్రి దాకా అందరూ బుట్ట పట్టుకుని అడవిలోనే ఉంటారు. ఎవరైనా తేడాగా తింటే డాక్టర్లు మిగిలిన ముక్కల్ని ఫోటో తీసి హుదాక్‌గారికి పంపిస్తారు. ఆయన చూసి ఏ గొడుగో చెబుతారు. ముప్పై ఏళ్ళుగా జరుగుతున్న పని. ఎక్కడా రాసి లేదు, ఎవరూ ఆయన్ని నియమించలేదు.

"మరి ఈ రెండో కాగితం?"

జెల్మీరా కాస్త సిగ్గుపడింది. "ఇవి నా దగ్గర దాచుకున్నవి. తప్పు పేరు రాస్తే సర్వర్ 'ఇలాంటివాళ్ళు లేరు' అని తిప్పి పంపేస్తుంది కదా. అలా తిరిగిపోయిన పేర్లన్నీ మొదటినుంచీ రాసి పెట్టుకున్నాను. ఎందుకో పారేయబుద్ధి కాలేదు."

హుదాక్‌గారి పేరునే జనం పది రకాలుగా తప్పు రాశారు. ఇంటిపేరులో 'ద' బదులు 'త' పెట్టి హుతాక్ అన్నవారున్నారు. చివర 'గ' పెట్టినవారున్నారు. పేరు ముందు, ఇంటిపేరు తర్వాత, మధ్యలో చుక్కతో, చుక్క లేకుండా. ఎవరో పేరు గుర్తురాక ఊరికే 'గొడుగులు' అని రాసి పంపారు.

"ముప్పయ్యో తారీఖు తర్వాత ఇవన్నీ తిరిగిపోతాయి బ్లాజెయ్. సరిగ్గా రాసినవి కూడా," అంది.

మర్నాడే ఇద్దరం నా కారులో హుదాక్‌గారింటికి వెళ్ళాం. పక్క లోయలో, అడవి మొదలయ్యేచోట ఇల్లు. ఒంటరిగా ఉంటాడు, తోడు ఒక ముసలి కుక్క. ఎనభై దగ్గరపడుతున్నా నిటారుగా నడుస్తాడు. మేం వెళ్ళేసరికి మీగడ కలిపిన గొడుగుల పులుసు పొయ్యి మీద ఉంది. అడక్కుండానే మూడు పళ్ళేలు పెట్టాడు.

"భయపడకుండా తినండి. ఏరింది నేనే," అన్నాడు.

"అందుకే ముందు కుక్కకు పెట్టండి," అన్నాను. నన్ను ఈ పనిలో పెట్టింది ఆయనే కాబట్టి ఆ చనువుంది.

"కుక్కకు నీకంటే బుర్రుంది. నువ్వు తిన్నాక తింటుందది."

తింటుండగానే ఆయన గదిలో కంప్యూటరు గంట కొట్టింది. లేచి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. జెల్మీరా చెంచా పట్టుకుని అటే చూస్తోంది. నేనూ చూశాను. ఆయన తెర మీద ఫోటోను ఎంత పెద్దది చేశాడంటే గొడుగు అడుగున ఉండే రేకులు రెండే పట్టాయి. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా పెట్టి, తలను అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో రేకునూ వెతుక్కుంటున్నాడు. ఆ ఒక్క ఫోటోకు పావుగంట పట్టింది.

తిరిగొచ్చి కూర్చున్నాక జెల్మీరా మెల్లిగా అడిగింది. "ఎప్పటినుంచండీ?"

"ఏది?"

"చూపు."

ఆయన పులుసు ఒకసారి కలిపాడు. "పోయిన చలికాలం నుంచి. మధ్యలో మచ్చలా ఉంటుంది. చుట్టూ కనిపిస్తుంది, చూడాల్సింది కనిపించదు. ఇంతవరకూ తప్పు చెప్పలేదు. ఆలస్యమవుతోంది, అంతే."

"తప్పు చెప్పలేదని తెలుసు. ఆలస్యం సంగతే మాట్లాడదామని వచ్చాం. మీ పేరుకొచ్చే ఉత్తరం మీతోపాటు ఇంకో నలుగురికి ఒకేసారి వెళ్ళేలా చేస్తాను."

"అంటే నన్ను తీసేస్తారన్నమాట!"

"తీసేస్తే మీ ఇంటికెందుకు వస్తాను, ఫోన్లో చెప్పేదాన్ని. అడ్రసు మీదే ఉంటుంది. డాక్టర్లకు తెలిసింది మీ పేరే, అది మార్చను. చూసే కళ్ళు మాత్రం పది అవుతాయి. తేల్చేది మీరే."

"ఎవరా నలుగురు?"

"అది మీరే చెప్పాలి. గొడుగుల సంగతి నాకేం తెలుసు? నేను తినడం తప్ప ఎరగను."

ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు. తర్వాత వేళ్ళ మీద ఒక్కో పేరే చెప్పాడు. లిప్తోవ్‌లో బడిపంతులమ్మ అనెష్కా. మందుల కొట్టు కజిమీర్. రిటైరైన ఒక అడవి అధికారి. నాలుగో పేరు దగ్గర ఆగి నన్ను చూసి, "వీడు కూడా. చీటీలు అంటించీ అంటించీ కాస్త నేర్చుకునే ఉంటాడు," అన్నాడు.

ఆయన నన్ను మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే.

జెల్మీరా పని మొదలుపెట్టింది. నాకు చూపించింది కూడా. సర్వర్‌లో ఒక ఫైలు ఉంటుంది. వరసకొక పేరు. ఎడమవైపు ఏ పేరుకు ఉత్తరం వచ్చినా, కుడివైపు ఉన్నవాళ్ళకు అది చేరుతుంది. ఎడమవైపు పేరున్న మనిషి నిజంగా ఉండనక్కర్లేదు. దాన్నే ఆమె మారుపేరు అనేది. ఎడమన హుదాక్, కుడిన అయిదుగురు. దాని కింద తప్పు పేర్లు పది, వాటికీ కుడిన ఆ అయిదుగురే. హుదాక్‌గారి పేరుకే పదకొండు వరసలు. మిగతావాళ్ళవి కూడా కలిపితే మొత్తం అరవై మూడు.

ఇంతేగా, ఒక పూటలో అయిపోతుంది అనుకున్నాను. వారం పట్టింది.

మొదటి పరీక్ష ఉత్తరం నలుగురికి అందింది. హుదాక్‌గారికే అందలేదు. ఇంతకాలం ఆయన మా సర్వర్‌లోని పెట్టెనే తెరిచి చూసుకునేవాడు, ఇకమీదట ఉత్తరాలు చేరాల్సిన ఇంటి మెయిల్ ఒక పెద్ద ఉచిత సంస్థలో ఉంది. వాళ్ళ సర్వర్ దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. ఎందుకని అడిగితే జెల్మీరా నా బల్ల మీద ఉన్న కవరు తీసుకుని చూపించింది.

"ఇది ఆసుపత్రి పంపిందని పైన రాసుంది. కానీ తెచ్చిచ్చింది మనం. అవతలివాడు ఆసుపత్రిని అడుగుతాడు, 'మీ ఉత్తరాలు వీళ్ళు కూడా తెస్తారా?' అని. ఆసుపత్రి 'వాళ్ళెవరో మాకు తెలీదు' అంటుంది. దొంగ ఉత్తరమని చింపేస్తాడు. వాడి తప్పేం లేదు, వాడి కాపలా వాడిది."

"మరెలా?"

"కవరు మీద కవరు వేస్తాను. పై కవరు మన పేరుతో. ఎవరు తెచ్చారంటే మేమే అని మనం ఒప్పుకుంటాం. లోపలి ఉత్తరం మీద డాక్టరు పేరు అలాగే ఉంటుంది, హుదాక్‌గారు జవాబిస్తే నేరుగా డాక్టరుకే వెళ్తుంది."

రెండు రోజులు కుస్తీ పట్టింది. మూడో రోజు ఉదయం హుదాక్‌గారు ఫోన్ చేసి, "వచ్చింది. 'పరీక్ష, పులుసు బాగుంది' అని ఉంది. ఎవరు రాశారిది?" అని అడిగాడు.

ఆ తర్వాత కజిమీర్ వంతు. ఆయన సముద్రానికని క్రొయేషియా వెళుతూ, తనకొచ్చే గొడుగుల ఉత్తరాలు ఎవరైనా చూడాలి కదా అని మంచి మనసుతో, తన పెట్టెకు వచ్చేవన్నీ హుదాక్‌గారి అడ్రసుకు మళ్ళేలా పెట్టుకున్నాడు. దాంతో హుదాక్‌గారికి వచ్చిన ఉత్తరం కజిమీర్‌కు వెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ హుదాక్‌గారికి వచ్చి, మళ్ళీ అయిదుగురికీ పోయి, మళ్ళీ కజిమీర్ దగ్గరికి... ఎన్ని చేతులు మారిందో లెక్కపెట్టి సర్వరే చివరికి తెంపేసింది. అప్పటికి ఒకే ఉత్తరం నాకు పదిహేడుసార్లు వచ్చింది. అనెష్కా పంతులమ్మ ఫోన్ చేసింది.

"బ్లాజెయ్, చిన్న గొడుగుల గురించి ఎవరో రాశారు. ఒకసారి చదివితే అర్థం కాదనుకున్నారా ఏంటి? మా బళ్ళో కూడా ఇన్నిసార్లు చెప్పను నేను."

జెల్మీరా కజిమీర్‌కు ఫోన్ చేసింది. అవతల అలల శబ్దం.

"కజిమీర్‌గారూ, మీరు హాయిగా ఈత కొట్టండి. మీ మెయిల్‌ను మాత్రం ఈత కొట్టించకండి."

"అయ్యో ఇంజనీరుగారూ, సాయం చేద్దామనుకున్నాను!"

"చేశారు. ఇలాంటిది సీజన్ మధ్యలో జరిగుంటే ఏమయ్యేదో మీవల్ల ముందే తెలిసింది." ఆ మాట వెటకారం కాదు. ఆ రోజే కూర్చుని, ఒకసారి మా దగ్గర్నుంచి వెళ్ళిన ఉత్తరం చుట్టు తిరిగి వస్తే మొదటిసారే గుర్తుపట్టి ఆపేలా మార్చేసింది.

ఆ అరవై మూడులో ఒకటి మా కీటకాల శాస్త్రవేత్తది. ఏడేళ్ళ కింద పోయాడు. ఆయనకు ఇంకా ఏదో విదేశీ పత్రిక నుంచి, ఎప్పుడో ఒకసారి పాత విద్యార్థుల నుంచి ఉత్తరాలొస్తున్నాయి. వాటిని ఎవరికి మళ్ళించాలి అని డైరెక్టరును అడిగితే, నాకు పంపించెయ్యి అన్నాడు. జెల్మీరా ఒప్పుకోలేదు. "అవి ఆయనకు రాసినవి, మీకు కాదు," అంది. రాసినవారికి 'ఇలాంటివాళ్ళు లేరు' అన్న యంత్రం జవాబు పోకుండా, ఆయన ఫలానా ఏడాది చనిపోయారు, పని విషయమైతే ఫలానావారికి రాయండి అని రెండు వాక్యాలు తనే రాసి పెట్టింది. ఆ రెండు వాక్యాలకు ఒక పూటంతా కూర్చుంది.

ఇరవై ఆరో తారీఖున రాజధాని నుంచి దలిబోర్ వచ్చాడు. కొత్త సంస్థలో కంప్యూటర్లన్నీ అతని కిందే. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మర్యాదస్తుడు, తొందరలో ఉన్న మనిషి. ఇద్దరూ ఇంజనీర్లే కాబట్టి ఒకరినొకరు ఇంజనీరుగారూ అనుకుంటుంటే ఎవరు ఎవరితో అంటున్నారో గోడ అవతల నాకు గొంతును బట్టే తెలిసేది.

"ఇంజనీరుగారూ, మా పద్ధతి అన్నిచోట్లా ఒకటే. మూసేసిన అడ్రసుకు రాస్తే దానంతటదే జవాబు వెళ్తుంది. ఈ అడ్రసు లేదు, మా వెబ్‌సైటు చూడండి అని."

"బాగుంది ఇంజనీరుగారూ. ఒక డాక్టరు ఉంది. ముందు ఇద్దరు వాంతులు చేసుకుంటున్నారు. ఆవిడ ఆ జవాబు చదివి, వెబ్‌సైటు తెరిచి, అందులో 'మా గురించి' నొక్కి, మంత్రిగారి ఫోటో దాటి కిందికి వెళ్ళి..."

"అంతలా చెప్పకండి."

"మీ వెబ్‌సైటులో హుదాక్‌గారి పేరుందా?"

"ఆయన ఉద్యోగి కాదు కదండీ."

"అదే నేను చెప్పేది."

కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. ఆమె ఆ ఫైలు తెరిచి అతని ముందు పెట్టిందని తర్వాత తెలిసింది. ప్రతి వరస పక్కనా అది ఎందుకుందో మామూలు మాటల్లో రాసి పెట్టింది. ఒక దాని పక్కన ఇలా ఉంది: "హుతాక్. తూర్పు నుంచి ఎవరో చాలా ఏళ్ళుగా ఇలాగే రాస్తున్నారు. మూడుసార్లు తిరిగిపోయింది. ఇంకోసారి పోకూడదు. తప్పు పేరు కదా అని ఈ వరస తీసేయకండి."

నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి దలిబోర్ ఇంకా చదువుతూనే ఉన్నాడు. పైనుంచి మొదలుపెట్టి అరవై మూడూ చదివాడు. చల్లారిన టీ తాగి అన్నాడు.

"నేను పదకొండు కార్యాలయాల సర్వర్లు తీసుకున్నాను. ఎక్కడా ఎవరూ నాకు కారణాలు ఇవ్వలేదు. పాస్‌వర్డులిచ్చి చేతులు దులుపుకున్నారు." జేబులోంచి కలం తీసి తన కాగితంలో ఏదో కొట్టేశాడు. "పాత పేరు అలాగే ఉండనిద్దాం. ఫైలు కొత్త సర్వర్‌లోకి ఉన్నదున్నట్టు ఎక్కిస్తాను. ఏడాది వరకు పూచీ నాది."

"ఏడాది తర్వాత?"

"అప్పుడు మళ్ళీ దెబ్బలాడుకుందాం. మీతో దెబ్బలాడితే నాకు పని తెలుస్తోంది."

ముప్పయ్యో తారీఖు సాయంత్రం పాత సర్వర్ ఆగింది. జెల్మీరా కొత్త దాని ద్వారా పదకొండు పేర్లకూ పదకొండు ఉత్తరాలు పంపించి, అన్నీ అయిదుగురికీ చేరాయని ఫోన్లు చేసి కనుక్కుని ఇంటికి వెళ్ళింది.

అక్టోబరు రెండో శనివారం నేను మా అత్తగారి తోటలో ఆపిల్స్ కోస్తున్నాను. సాయంత్రం అయిదూ ఇరవైకి ఫోన్‌లో మెయిల్ గంట మోగింది. తూర్పున ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఉత్తరం. డాక్టర్ ఇవెతా అని ఎవరో ఇలా రాసింది.

ఒక పెద్దావిడ డెబ్బయ్యో పుట్టినరోజుకు మధ్యాహ్నం ఏడుగురు కలిసి గుడ్లతో వేయించిన గొడుగులు తిన్నారు. మూడు గంటలకే ఇద్దరికి వాంతులు మొదలయ్యాయి. మొద్దుల మీద గుంపుగా మొలిచే తేనె గొడుగులు సరిగ్గా ఉడకలేదని అనుకుంటున్నాం. అదైతే రేపటికి తగ్గిపోతుంది. మిగతా అయిదుగురూ బాగానే ఉన్నారు, ఆసుపత్రికి రాలేదు. అల్లుడు చెత్తబుట్టలోని తొక్కలు తెచ్చాడు, ఫోటోలు పంపుతున్నాను. మీకు అనవసరంగా శ్రమ ఇస్తున్నానేమో. ఏ గొడుగైనా మీకు చూపించాలని మా వార్డులో పాత నియమం, అందుకే. ఇదీ ఉత్తరం.

నాలుగు ఫోటోలు. పేపరు మీద పరిచిన తొక్కలు, మట్టి, కాడల చివర్లు. ఎక్కువ భాగం తేనె గొడుగులే, నాకూ తెలిసిపోయింది. మూడో ఫోటోలో ఒక మూల తెల్లటి గుడ్డపేలికలాంటిదేదో ఉంది. నేను దాన్ని పెద్దది చేసి చూస్తుండగానే అనెష్కా అందరికీ రాసింది.

"మూడో ఫోటో, ఎడమ కింద మూల. కాడ అడుగున తొడుగులా ఉంది. నాకు భయంగా ఉంది."

ఆ వెంటనే హుదాక్‌గారి ఫోన్.

"బ్లాజెయ్, నీ కళ్ళు ఓసారి ఇటియ్యి. ఆ తొడుగు పక్కన టోపీ ముక్క ఏదైనా ఉందా?"

"ఒకటుంది. పురుగు తొలిచిందని పారేసినట్టున్నారు."

"పైన రంగు?"

"పాలిపోయిన ఆకుపచ్చ. అంచు వైపు ఇంకా తెలుపు."

"పచ్చగా ఉండి తినేవి కూడా ఉన్నాయి, తొందరపడకు. పైన పొలుసుల్లా పగుళ్ళున్నాయా?"

"లేవండీ. నున్నగా ఉంది. లోపల్నుంచి సన్నటి గీతలున్నాయి, జుట్టు తడిపి దువ్వినట్టు."

"రేకులు?"

"తెల్లవి."

"కాడకు ఉంగరంలా ఏమైనా?"

నాలుగో ఫోటో తెరిచాను. "ఉంది. చిరిగిన ఉంగరం."

అవతల కుక్క ఒకసారి మొరిగింది. హుదాక్‌గారు దాన్ని గదమాయించలేదు.

"రాయి," అన్నాడు. ఆపిల్ బుట్ట మీద కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను.

"డాక్టరుగారూ, అందులో పచ్చ ఈగమందు గొడుగు కనీసం ఒకటుంది. చంపే గొడుగు అదే. వాంతులు తేనె గొడుగుల వల్ల. అసలు విషం ఇంకా మొదలుకాలేదు, రేపు తెల్లవారాక మొదలవుతుంది. వాంతులు చేసుకున్నవాళ్ళు కొంతైనా కక్కేశారు. బాగున్నామని ఇంట్లో కూర్చున్న ఆ అయిదుగురి గురించే నా భయం. ఏడుగురికీ ఇప్పుడే విరుగుడు మొదలుపెట్టండి. ఇది నా ఇంటి ఫోన్ నెంబరు. హుదాక్."

పంపేసరికి అయిదూ యాభై ఒకటి. ఆరు కాకముందే డాక్టర్ ఇవెతా ఆయనకు ఫోన్ చేసింది. ఆ తర్వాతి రెండు గంటలూ ఆసుపత్రిలో ఏం జరిగిందో మాకు ఆమె తర్వాత చెప్పింది. అయిదుగురిలో ముగ్గురు ఇంట్లోనే దొరికారు. ఒకావిడ అప్పటికే తన ఊరు వెళ్ళే బస్సులో ఉంది. డ్రైవరుకు ఫోన్ చేసి దింపించారు. అయిదోవాడు హాకీ ఆట చూడ్డానికి వెళ్ళి ఫోన్ ఎత్తలేదు. మైకులో పేరు పిలిపించారు. నాకేమీ కాలేదు, స్కోరు సమానంగా ఉంది, అయ్యాక వస్తాను అన్నాడట. నర్సు ఫోన్లోనే, "అయ్యాక మీరే అయిపోతారు, నడవండి!" అని అరిచిందట. ఎనిమిదికల్లా ఏడుగురికీ సెలైన్ సీసాలు ఎక్కాయి.

ఆదివారం ఉదయం విషం మొదలైంది, ఆయన చెప్పిన వేళకే. నలుగురి కాలేయాలు దెబ్బతిన్నాయి. హాకీ ఆయనది అందరికన్నా ఎక్కువ. కానీ మందు పన్నెండు గంటల ముందే ఒంట్లో ఉంది. ఒక్కొక్కరే తేరుకున్నారు. చివరగా పుట్టినరోజు పెద్దావిడ ఇరవై మూడో రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. ఏడుగురిలో ఎవరూ పోలేదు.

సోమవారం పదకొండింటికి జెల్మీరాకు ఇదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ టీ ముట్టలేదు. అయ్యాక అడిగిన మొదటి మాట, "ఏ పేరుకు వచ్చిందది?"

నేను చూసుకోలేదు. ఆమె తన గదికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. కొత్త సర్వర్‌లో ఉత్తరాల రాకపోకల చిట్టా తెరిచి, అయిదూ ఇరవై దగ్గర వేలు పెట్టి ఆగింది.

"హుతాక్," అంది. "త."

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చుంది. ఏడ్చిందని చెప్పలేను. ముప్పై ఏళ్ళు గొడుగులు చూసినవారు ఒకరు, మూలన పేలికను కనిపెట్టిన పంతులమ్మ ఒకరు, బస్సు ఆపించిన డాక్టరు ఒకరు. వీళ్ళ పేర్లు అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ ఒక తప్పక్షరం ముందు కూర్చుని, ఎప్పుడో ఎవరికో ఇది కావాల్సి వస్తుందని ఒక వరస రాసిన మనిషి నా ఎదురుగా ఉంది. అంతకంటే మంచి పని చేసినవాళ్ళను నేను చూడలేదు.

డాక్టర్ ఇవెతా తర్వాత రాసింది. వాళ్ళ వార్డు గోడ మీద ఇరవై ఏళ్ళ కిందటి కాగితం ఉందట. అప్పటి పెద్ద డాక్టరు చేతిరాతలో 'ద' చూస్తే 'త' లాగే ఉంటుందట. ఆ కాగితం మీదున్న ఫోన్ నెంబరుకు కూడా ఆమె ప్రయత్నించింది. అది మా కేంద్రానిది, విలీనంలో పోయింది. కాగితం మార్చి సరైన అడ్రసు పెడతామని అంది.

"వద్దని చెప్పు బ్లాజెయ్," అంది జెల్మీరా. "ఇది మనకు తెలిసిన తప్పు. మారిస్తే కొత్త తప్పు రాస్తారు."

హుదాక్‌గారు ఆమెకు ఒక బుట్టెడు ఎండు గొడుగులు పంపాడు. బుట్టలో చీటీ ఉంది, పెద్ద పెద్ద వంకర అక్షరాలతో: "నా పేరు సరిగ్గా పలికే ఇంజనీరుగారికి."

నవంబరులో దలిబోర్ ఫోన్ చేశాడు. ఇంకా ఆరు కేంద్రాలు విలీనం కావాల్సి ఉంది. అక్కడివాళ్ళకు జెల్మీరా వచ్చి ఈ పని నేర్పాలి. ఆమె డిసెంబరులో రిటైరవుతున్నానని, మోకాళ్ళు నొప్పులని, రాజధానిలో కాఫీ బాగోదని చెప్పింది. అతను అన్నీ విని, "కాఫీ మీ ఊరినుంచి తెచ్చుకోండి. ఆ ఫైల్లో కారణాలు రాసినట్టు రాయడం వాళ్ళకు నేర్పండి చాలు. నేను చెబితే పద్ధతి అంటారు, వినరు," అన్నాడు.

గురువారం ఉదయం రైలుకు ఆమెను నేనే స్టేషన్‌లో దింపాను. మంచు పలచగా పడుతోంది. రైలు రావడానికి పది నిమిషాలుంది. బెంచీ మీద కూర్చుని ఆమె అప్పటికే ఒక కాగితాల కట్ట విప్పింది. ఎక్కడో ఏటి ఒడ్డున ఉన్న చేపల పెంపకం కేంద్రం తాలూకు పేర్ల జాబితా.

"ఇది చూడు," అంది వేలు పెట్టి. "ఎవరో రోజూ తెల్లవారి అయిదింటికి వీళ్ళ పాత వాచ్‌మన్ పేరుకు రాస్తున్నారు. ఆయన వెళ్ళిపోయి నాలుగేళ్ళయిందట. అయినా రోజూ రాస్తున్నారు."

"ఎవరై ఉంటారు?"

"తెలీదు. నీటిమట్టం కొలిచేవాళ్ళేమో. వెళ్ళి అడగాలి."

రైలొచ్చింది. సంచీ నేను అందించాను, కాగితాలు మాత్రం ఆమె తన చేతిలోనే ఉంచుకుని ఎక్కింది.